నవత ఎత్తు బంగారం

కొత్తవాడ, వరంగల్
12 అక్టోబర్ 2025

చిరంజీవి నవతకు బాపమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందులో ఏడు వాక్యాలున్నాయి. మూడు గుంతకల్లు ఎండ గురించి. ఎండ సంగతి తెలుసుకోవడానికి నేను రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం గుమ్మంలో కూర్చోవడం లేదు. రైలింజన్ నడిపే పనిలో ఉన్న పిల్లకు రాయడానికి ఇంకేమీ దొరకలేదా?

"గీ కాలంల ఉత్తరాలేందమ్మా, ఫోన్ కొడితే అయిపాయె" అని మీ బాపు విసుక్కుంటాడు. చెవిమిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో నీ మాట నాకు రేకుల మీద వాన పడ్డట్టే వస్తుంది. కాగితం మీదైతే నువ్వు చెప్పింది చెప్పినట్టు తెలుస్తుంది. అందుకే ఉత్తరం రాయమన్నాను. నీ తీరు చూస్తే కాగితం మీద కూడా వినపడకుండా చేసేటట్టున్నావు.

అసలు విషయం. పోయిన జాతరప్పుడు మేడారంలో, నీకు ఉద్యోగం వస్తే నీ ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నాను. నీకు ఉద్యోగం వచ్చింది. ఈ జనవరి ఆఖరున మళ్ళీ జాతర. నువ్వు వస్తే కాంటా మీద కూర్చోబెట్టి, నీ బరువుకు సరితూగే బెల్లం తల్లుల గద్దె దగ్గర బంగారంగా సమర్పించాలి. సెలవు దొరకకపోతే నీ బరువు రాసి పంపు. ఆ బరువుకే ఇస్తాను.

"ఓ యాభయ్యో అరవయ్యో లెక్క యేసి ఇయ్యరాదు? తల్లులేమన్న కాంటా పట్కొని కూసుంటరా?" అన్నాడు మీ బాపు.

తల్లులు పట్టుకోరు. నేను పట్టుకుంటాను. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని, దేవతకు ఉజ్జాయింపు లెక్క ఇవ్వలేను. సరైన బరువు రాయి.

బాపమ్మ
అనసూర్య


గుంతకల్లు
2 నవంబర్ 2025

బాపమ్మకు నవత నమస్కారాలు.

ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. డ్యూటీలు వేళాపాళా లేకుండా పడుతున్నాయి. జాతరకు సెలవు దొరికేలా లేదు. నా బరువు యాభై ఎనిమిది కిలోలు.

ఇక్కడ అంతా బాగుంది. నేను అద్దెకుండే మేడగది కింద సుల్తానా బేగం గారి ఇల్లు. మన వైపు ఆడపడుచే, బట్టలు కుడతారు. నేను మెట్లు దిగితే చాలు, "తిన్నవా బిడ్డా?" అంటారు. గదిలో నాతోపాటు స్రవంతి అనే అమ్మాయి ఉంటుంది. టికెట్ కౌంటర్‌లో పని. తను పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను ధైర్యవంతురాలిని. ఈ రోజు నాకు మంచే జరుగుతుంది" అని పది సార్లు చెప్పుకుంటుంది. నాకూ నేర్పింది. మనతో మనం మంచి మాట్లాడుకుంటే మనసు ఆ దారికే వస్తుందట. నేనూ చెప్పుకుంటున్నాను. మొదట నవ్వొచ్చింది. ఇప్పుడు అలవాటవుతోంది.

నువ్వు రోడ్డు మీద జాగ్రత్త. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకు. రోడ్డు దాటాల్సి వస్తే అమ్మను వెంట తీసుకెళ్ళు. తప్పకుండా తీసుకెళ్ళు.

నీ
నవత


కొత్తవాడ
14 నవంబర్ 2025

నవతా,

నీ ఉత్తరంలో నేను రోడ్డు దాటడం గురించి నాలుగు వాక్యాలు, నీ పని గురించి ఒకే ఒక్కటి ఉన్నాయి. ఇంజన్ ఎలా నడుస్తోందో, పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒక్క ముక్క లేదు. నేను పోచమ్మ మైదాన్ చౌరస్తా దాటుతున్నది నువ్వు పుట్టకముందు నుంచి.

ఆ అద్దం సంగతి నాకు నచ్చలేదు. ధైర్యం ఉన్నవాళ్ళు ఉందని పది సార్లు చెప్పుకోరు. లేనివాళ్ళు చెప్పుకుంటే అది అబద్ధం. వినేది అద్దమే అయినా అబద్ధం అబద్ధమే. నా తరగతిలో ఒక పిల్ల జవాబు తప్పు రాసి, కింద రెండు గీతలు కొట్టేది. గీతలు కొడితే తప్పు ఒప్పు కాదని చెప్పాను. నీకూ అదే చెబుతున్నాను. పని సరిగ్గా చెయ్యి, ధైర్యం దానంతట అదే వస్తుంది.

అయినా నీకు ధైర్యంతో పనేమొచ్చింది? ఇంటర్‌లో ఉన్నప్పుడే కాజీపేట స్టేషన్‌లో ఇంజన్ ఎక్కించమని డ్రైవర్‌ను బతిమాలిన పిల్లవి. ఏదో దాస్తున్నావు. ఎవరైనా అబ్బాయి ఉంటే రాయి. కులగోత్రాలు అడిగి కేకలేసే ముసలిదాన్ని కాను. దాస్తే మాత్రం కేకలేస్తాను.

మీ అమ్మ ప్రేమలత జాతరకు నీ పేరు మీద చీర, జాకెట్టు పెడతానంటోంది. జాకెట్టు ఇక్కడే కుట్టిస్తాం. ఆ సుల్తానా బేగం గారి చేత కొలతలు తీయించి పంపు.

నీ మేలు కోరే
బాపమ్మ


గుంతకల్లు
6 డిసెంబర్ 2025

బాపమ్మకు,

కొలతల చీటీ ఇందులో పెట్టాను. సుల్తానా ఆంటీ రాసిచ్చారు.

అబ్బాయి ఎవరూ లేరు. నువ్వు అలా రాస్తావనుకోలేదు.

అద్దం ముందు చెప్పుకోవడం మానేశాను. నువ్వన్నది నిజమే. లేనిది ఉందని చెప్పుకుంటున్నాను. స్రవంతి అడిగితే, మా బాపమ్మ లెక్కల టీచర్, తప్పు జవాబు కింద గీతలు కొట్టనివ్వదు అని చెప్పాను.

ఇంజన్ మీద కాకుండా ఆఫీసులో ఏదైనా పనికి మారదామని ఆలోచిస్తున్నాను. బాపుకు, అమ్మకు అప్పుడే చెప్పకు. కారణం పెద్దదేమీ కాదు.

నవత


కొత్తవాడ
15 డిసెంబర్ 2025

నవతా,

కారణం పెద్దది కాకపోతే మీ అమ్మకూ బాపుకూ దాచమనేదానివి కాదు.

నీ చీటీలో కొలతల ప్రకారం పాత గుడ్డ మీద గీసి, నువ్వు ఉగాదికి వదిలి వెళ్ళిన జాకెట్టు దాని మీద పరిచాను. కొత్త కొలత చెరోపక్క రెండు వేళ్ళ మందం తక్కువ. దర్జీ తప్పు రాసిందేమో అనుకున్నాను. కానీ చేతి పొడవు, భుజం సరిగ్గానే ఉన్నాయి. తప్పు రాసే మనిషి అన్నీ తప్పు రాస్తుంది. యాభై ఎనిమిది కిలోల పిల్ల ఈ జాకెట్టులో పట్టదు. అబద్ధం ఆడదలుచుకుంటే చీటీ కూడా నువ్వే రాయాల్సింది.

నిన్న మన పక్కింటి మహిపాల్ వచ్చాడు. కాజీపేటలో రైల్వే పనే కదా. నీ గురించి అడిగితే వాడు నా ముఖం చూడకుండా, మీ బాపుతో ఏదో గొణిగాడు. నాకు వినపడదని వాడి ధీమా. పెదవులు చదవడం వచ్చని వాడికి తెలియదు. "నవత రెండు నెలల సంది సిక్‌ల ఉన్నదట గదన్నా. మీకు తెల్వదా?" అన్నాడు. మీ బాపు చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. జంపఖానాలు నేసే మగ్గం మీద ఆ మనిషి ఇంతవరకు మళ్ళీ కూర్చోలేదు.

బిడ్డా, ఏం జబ్బు? ఎవరైనా ఏమైనా చేశారా? కడుపులో ఏదైనా ఉందా? నా బుర్ర ఆగడం లేదు. ఒక్కో కారణం రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తున్నాను. మిగిలినవన్నీ భయంగానే ఉన్నాయి. కోపం లేదు. నిజం రాయి. పదిరోజుల్లో ఉత్తరం రాకపోతే రైలెక్కి నేనే వస్తాను. చెవుల్లేకుండా, ఒంటరిగా వస్తాను.

బాపమ్మ


గుంతకల్లు
21 డిసెంబర్ 2025

బాపమ్మా,

నువ్వు ఒంటరిగా బయలుదేరొద్దు. అంతా రాస్తున్నాను.

సెప్టెంబర్ చివర్లో ఒక సాయంత్రం సిమెంటు గూడ్స్ మీద డ్యూటీ. ఇంజన్ నడిపే పెద్ద పైలట్ నయీముద్దీన్ సార్. మన నెక్కొండ ఆయనే. నేను అసిస్టెంట్‌ని. వంపు తిరిగేసరికి ఒక ముసలామె గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటుతోంది. సార్ హారన్ నొక్కి పట్టుకున్నారు. అది అరకోసు దూరం వినపడే హారన్. ఆమె తల తిప్పలేదు. బ్రేక్ వేశారు. గూడ్స్ బండి బ్రేక్ వేసిన చోట ఆగదు బాపమ్మా. చాలా ముందుకు వెళ్ళి ఆగింది.

ఆమెకు బ్రహ్మచెవుడని ఊరివాళ్ళు తర్వాత చెప్పారు. నడక అచ్చం నీ నడకే. తొందర లేకుండా, నేల చూసుకుంటూ. నేను నోరు తెరిచాను. అరవలేదు. గొంతులోంచి ఏమీ రాలేదు.

తర్వాతి డ్యూటీలో దూరంగా సిగ్నల్ కనబడింది. కనబడగానే అసిస్టెంట్ చేయెత్తి దాని రంగు పైకి చెప్పాలి. పైలట్ అదే రంగు తిరిగి చెప్పాలి. ఇద్దరి నోళ్ళూ పలికితేనే ఇద్దరి కళ్ళూ చూసినట్టు లెక్క. గ్రీన్ ఉంది. నాకు కనబడుతోంది. నోరు రాలేదు. సార్ రెండు సార్లు అడిగారు. "బేటా, రంగు చెప్పు." చెప్పలేకపోయాను. స్టేషన్ రాగానే ఆయనే దింపి, నీళ్ళు తాగించి, సిక్ లీవు పెట్టించారు. అప్పటి నుంచి గదిలోనే ఉన్నాను. అన్నం నోట్లో పెట్టుకుంటే ఆ గడ్డిమోపు కనబడుతుంది.

నీకు ఉత్తరం రాయాలని కూర్చుంటే పట్టాల మీద నువ్వే నడుస్తున్నావు. అందుకే ఎండ గురించి రాశాను.

సార్ వారం వారం వచ్చి చూసి వెళ్తారు. అద్దం సంగతి చెబితే నవ్వారు. "గదంత నాకు తెల్వది బేటా. నేను ఇంజన్ ఎక్కంగనే మూడే ముక్కలంట. అల్లా ఉన్నడు, బ్రేకు ఉన్నది, నేను ఉన్న. గంతే. ఎన్నేండ్ల సంది గదే మాట." నేనూ ప్రయత్నించాను. తల్లులు ఉన్నారు అంటాను. బ్రేక్ ఉంది అంటాను. మూడో మాట నోటికి రాదు.

జనవరి ఇరవైన డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఫిట్ అంటే మళ్ళీ ఇంజన్. కాదంటే ఆఫీసు. ఆఫీసు పని ఇమ్మని అర్జీ రాసి బ్యాగులో పెట్టుకున్నాను. వీధిలో అందరికీ నా మనవరాలు రైలు నడుపుతుందని చెప్పుకున్నావు. క్షమించు.

నవత


కొత్తవాడ
29 డిసెంబర్ 2025

నా తల్లీ, నవతా,

నీ ఉత్తరం ఒకసారి నాకోసం చదువుకున్నాను, ఒకసారి మీ అమ్మకూ బాపుకూ చదివి వినిపించాను. మీ అమ్మ ఏడ్చింది. మీ బాపు "పిల్లను తోల్కొస్త" అని చొక్కా వేసుకున్నాడు. చొక్కా విప్పించాను. ఇద్దరూ పడుకున్నాక నా వంతు నేను ఏడ్చాను.

ఇప్పుడు నేను చెప్పేది నీ డాక్టర్లకు తెలియదు, మీ సార్‌కూ తెలియదు. చెవులు పోయినవాళ్ళకే తెలుసు. మాకు వెనక అనేది ఉండదు. కళ్ళ ముందు ఉన్నదే లోకం. ఆమెకు ఆ సాయంత్రం నీ హారన్ లేదు, ఇంజన్ లేదు. గడ్డి ఉంది, ఇంటి దగ్గర ఎదురుచూసే బర్రె ఉంది, పొద్దు వాలుతోందన్న ధ్యాస ఉంది. నువ్వు మూడు నెలలుగా ఆమె భయాన్ని మోస్తున్నావు. ఆమె భయపడలేదు బిడ్డా. వెనక నుంచి వచ్చే భయం మా చెవుల్లోంచే రావాలి, ఆ దారి మూసుకుపోయింది. నువ్వు అరిచినా ఆమెకు చేరేది కాదు. హారన్‌కే పలకని చెవి నీ గొంతుకు పలుకుతుందా? ఇది నిన్ను ఊరడించడానికి రాస్తున్నది కాదు. తప్పుడు ఓదార్పులు నాకు చేతకావు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇంకొకటి. నిన్న నేను పోచమ్మ మైదాన్ దగ్గర రోడ్డు దాటాను. ఒంటరిగానే, తిట్టుకో. దాటుతుంటే పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు నన్ను చూసి నవ్వారు. ఎందుకా అని ఇంటికొచ్చి మీ అమ్మను అడిగాను. "నువ్వు రోడ్డు దాటినప్పుడల్లా పెద్దగ మాట్లాడుతవు గదత్తమ్మా. నీకు తెల్వదా?" అంది. నాకు నిజంగా తెలియదు. వినపడదు కదా. మనసులో అనుకుంటున్నానని అనుకున్నది పైకే అంటున్నానట. చెవులు పోయినప్పటి నుంచీ నేను చెప్పుకునేది ఇది: "కుడి చూశాను. ఎడమ చూశాను. దాటుతున్నాను."

ఆ మూడో మాట అనేటప్పటికి నేను దాటలేదు. ఇంకా అంచునే నిలబడి ఉంటాను. ఆ మాట అన్నాకే కాలు ముందుకు పడుతుంది. మరి అది అబద్ధమా? నీ అద్దం విషయంలో నేను తొందరపడి ఎర్ర గీత కొట్టాను. చెరిపేస్తున్నాను. ధైర్యవంతురాలిని అనే మాట నీ నోటికి బరువైతే వద్దు. చేసే పని పేరే పైకి చెప్పుకో. లేస్తున్నాను, తింటున్నాను, మెట్లు దిగుతున్నాను. సుల్తానా బేగం గారు తిన్నవా అని అడిగితే తిన్నాను అని పైకి చెప్పు. నోరు తెరుచుకోవడం మెట్టు మెట్టుగా వస్తుంది.

ఆఫీసు పని తక్కువ పని కాదు. నిజం చెప్పాలంటే, ఒక పూటంతా అదే మేలు అనుకున్నాను. నాకూ భయమే. నీకు ఇష్టమై ఆ కుర్చీలో కూర్చుంటే ఆ అర్జీ నేనే దిద్ది ఇస్తాను. నోరు రాక కూర్చోవద్దు. వీధి సంగతి వదిలెయ్. వీధికి నేను జవాబు చెప్పుకుంటాను.

ఇప్పుడైనా నీ అసలు బరువు రాయి. యాభై ఎనిమిది అని రాసి తల్లుల ముందు నాతో దొంగ లెక్క చెప్పించకు.

నీ
బాపమ్మ


గుంతకల్లు
24 జనవరి 2026

బాపమ్మకు,

స్పీడ్ పోస్ట్ చేస్తున్నాను, జాతరకు ముందే అందాలని.

నా బరువు నలభై తొమ్మిది. నీకు యాభై ఎనిమిది అని రాసినప్పుడు నలభై ఏడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి గదిలో ప్రతిదీ పైకి చెబుతున్నాను. స్రవంతి మొదట భయపడింది. తర్వాత తనూ మొదలుపెట్టింది. ఇప్పుడు ఇద్దరం కలిసి "చాయ్ పొంగుతోంది" అని అరుస్తున్నాం. సుల్తానా ఆంటీ కింద నుంచి "పొంగితే దించుండ్రి, చెప్పుడేంది!" అని కేకేస్తారు.

ఇరవైన డాక్టర్ చాలాసేపు మాట్లాడించి ఫిట్ రాశారు. అర్జీ ఇంకా బ్యాగులోనే ఉంది. చింపలేదు. అవసరమైతే ఉంటుందని.

నిన్న ఇంజన్ ఎక్కాను. అదే దారి. నయీముద్దీన్ సార్ అడిగి మరీ నా పక్కన డ్యూటీ వేయించుకున్నారు. ఎక్కగానే తన మూడు ముక్కలు అన్నారు. తర్వాత నా వైపు చూశారు. తల్లులు ఉన్నారు అన్నాను. బ్రేక్ ఉంది అన్నాను. అక్కడ ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. "పర్వాలె. రెండు అయినయ్ గద. నడుద్దాం" అన్నారు.

మొదటి సిగ్నల్ కనబడింది. చేయి లేచింది. డబుల్ ఎల్లో అన్నాను. గొంతు నాది కాదనిపించింది, కానీ వినపడింది. సార్ తిరిగి చెప్పారు. తర్వాత గ్రీన్. తర్వాత ఇంకో గ్రీన్. ఆ వంపు వచ్చింది. ఎవరూ లేరు. గడ్డి పెరిగి ఉంది. అయినా నా కళ్ళు ఆమె కోసం వెతికాయి.

అప్పుడు నీలాగే అన్నాను బాపమ్మా. కుడి చూశాను. ఎడమ చూశాను. దాటుతున్నాను.

సార్‌కు అది రూల్ పుస్తకంలో ఉన్న మాట కాదని తెలుసు. అయినా చేయెత్తి, సిగ్నల్‌కు చెప్పినట్టే తిరిగి చెప్పారు. "దాటుతున్నం బేటా."

భయం పోలేదు. రేపు మళ్ళీ డ్యూటీ ఉంది. రాత్రి అన్నం సగం తిన్నాను.

నీ
నవత


కొత్తవాడ
1 ఫిబ్రవరి 2026

చిరంజీవి నవతకు,

మేడారం నుంచి నిన్న ఇల్లు చేరాం. దుమ్ము ఇంకా జుట్టులోనే ఉంది. పోయేటప్పుడు ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టాం. జంపన్నవాగులో మీ అమ్మ స్నానం చేసింది. నేను కాళ్ళు తడుపుకున్నాను. జనంలో తప్పిపోతానని మీ బాపు నా చేయి వదల్లేదు. నేనే ఆయన్ను పట్టుకున్నట్టు వీధిలో చెబుతాను, నువ్వు కాదనకు.

నీ ఉత్తరం బయలుదేరే రోజే అందింది. దాన్ని రవికెలో పెట్టుకునే వెళ్ళాను.

బెల్లం దుకాణం దగ్గర నిలబడ్డాం. దుకాణం మనిషి నా ముఖం చూసి "ఎంత బంగారం పెట్టమంటవమ్మా?" అన్నాడు. ఈగలు ముసిరిన బెల్లం ముద్దలు. చుట్టూ లక్షలమంది దాన్ని బంగారమే అంటున్నారు. పిల్లలంటున్నారు, చదువుకున్నవాళ్ళంటున్నారు, పోలీసులంటున్నారు. ఒక్కరికి కూడా అబద్ధమాడుతున్నామన్న అనుమానం లేదు. బడిలో ఒక పిల్ల ఇట్లా రాస్తే సున్నా వేసేదాన్ని. ఇక్కడ నేను కూడా నోరు తెరిచి "బంగారం" అనే అన్నాను. ఏళ్ళ తరబడి అంటున్నాను, ఎన్నడూ తట్టలేదు. నమ్మి పిలిచాకే అది గద్దె ఎక్కుతుంది. ముందు బంగారమై, తర్వాత పిలిపించుకోదు.

మీ బాపు సంచి తెరిచి "నలభై తొమ్మిది పెట్టు" అన్నాడు.

"యాభై ఎనిమిది" అన్నాను.

"అమ్మా! పిల్ల నలభై తొమ్మిదే అని రాసింది గద. మొన్నటిదాన్క సరైన లెక్క, సరైన లెక్క అని నా పానం తీస్తివి. ఇప్పుడు నీకే లెక్క తప్పిందా?"

లెక్క తప్పలేదని చెప్పాను. మోసేది ఆయనే కాబట్టి కొంచెం గొణిగాడు. ఆయన పెదవులు నేను చదవలేదనే అనుకుంటున్నాడు.

గద్దె దగ్గర తల్లులకు పేరు పెట్టి చెప్పాను. నవత, యాభై ఎనిమిది కిలోలు, రైలింజన్ మీద ఉంది అని. పైకే చెప్పానట. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారని మీ అమ్మ చెప్పింది. చూడనీ.

ఆఫీసు అర్జీ చింపమని నేను చెప్పను. ఉంచుకో. రాత్రి సగం అన్నం సంగతి మాత్రం ఊరుకోను. ఈ పార్సిల్‌లో ప్రసాదం బంగారం పెట్టాను. నయీముద్దీన్ గారికి, స్రవంతికి, సుల్తానా బేగం గారికి తలా ఒక ముక్క ఇవ్వు. మిగిలినదంతా నువ్వే తినాలి.

తల్లుల ముందు నేను చెప్పిన బరువుకు నువ్వింకా తొమ్మిది కిలోలు తక్కువున్నావు. నా మాట నిజం చెయ్యడం ఇక నీ పని. నాకు జవాబు రాసే ముందు తిను.

బాపమ్మ
అనసూర్య